సన్నాయి నోటికి తుమ్మచెక్క కషాయం

"నోరు పుక్కిలించినావా?"

"పుక్కిలించినాలే."

"ఏదీ, తెరువు చూస్తా."

"పొయ్యేటోడి నోట్లో ఏముంటాదే నీకు చూసేదానికి? గమ్మునుండు."

మా ఆయనా నేనూ చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. శ్రావణమాసం వానల్లో జ్వరం వచ్చి పడుకున్నాడు. ఆ మాట అన్నాక గోడవైపు తిరిగాడు, మళ్ళీ ఇటు తిరగలేదు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ "పొయ్యేముందు ఏమన్నాడమ్మా?" అని అడిగారు. ఒకామెకు దేవుణ్ణి తలుచుకున్నాడని చెప్పాను. ఇంకొకామెకు నన్ను జాగ్రత్తగా ఉండమన్నాడని చెప్పాను. పుక్కిలించినాలే అన్నాడని ఎట్లా చెప్పను? పైగా అది అబద్ధం. కషాయం ముంత నేను పెట్టింది పెట్టినట్టే ఉంది, చుక్క తగ్గలేదు.

ఇది రాస్తున్నవాడు మా ఆడబిడ్డ కొడుకు. నెల్లూరులో దొరల బడిలో చదువుకుని వచ్చి, ఇక్కడ ఉదయగిరిలో పిల్లలకు చదువు చెప్తున్నాడు. నాకు వచ్చిన అక్షరాలు నాలుగు. ఐదోది నేర్చుకునే లోపల పెళ్ళి చేశారు. నేను చెప్తాను, వాడు రాస్తాడు. నా మాటలను వాడు పుస్తకం మాటలుగా దిద్దుకుంటే దిద్దుకోనీ. ఎవరైనా నోటితో అన్న మాట మాత్రం అన్నది అన్నట్టే రాయాలని వాడి చేత ఒట్టు పెట్టించుకున్నాను.

మా ఇళ్ళలో మగవాళ్ళు పెళ్ళిళ్ళకు సన్నాయి వాయిస్తారు, ఆడవాళ్ళం పురుళ్ళు పోస్తాం. కొండమీది చెట్లలో ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో మా అవ్వ నన్ను చంకలో వేసుకుని తిరిగేటప్పుడే చూపించింది. చిగుళ్ళకు ఆమె చెప్పిన సంగతి చాలా చిన్నది. చేదు చీమును చంపుతుంది, వగరు చిగురును బిగిస్తుంది. చేదుకు వేపపుల్ల, గానుగపుల్ల. వగరుకు తుమ్మచెక్క, కరక్కాయ, దానిమ్మ తొక్క. రోజూ పొద్దున చేదు పడితే వగరుతో పనే పడదు. పని పడిందంటే ఆ మనిషి బద్ధకస్తుడని అర్థం. ఈ మాట పట్టుకుని ఊళ్ళో సగంమంది నోళ్ళు నేను బాగుచేశాను. నా మాట వినని నోరు ఒక్కటే, అది నా మొగుడిది.

ఆయనకు ఆ నోరే బతుకు. సన్నాయి కొసన రెల్లుతో చేసిన చిన్న ఆకు ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య బిగించి ఊదాలి. పెదవుల వెనక పళ్ళు గోడలాగా నిలబడాలి. పళ్ళు కదిలితే పెదవి కదులుతుంది, పెదవి కదిలితే పాట కదులుతుంది. ఇంత తెలిసినవాడు వేపపుల్ల ముట్టుకుంటాడా అంటే ముట్టుకోడు. సన్నాయి పట్టే రోజు నోట్లో చేదు పడకూడదని మా మామ చెప్పాడట. చేదు నోటితో ఊదితే పెళ్ళికూతురు ఏడుస్తుందట.

"ఏ పెళ్ళికూతురు ఏడవకుండా పొయ్యిందయ్యా? పుల్ల వెయ్యకుండానే అందురూ ఏడుస్తుండారే," అన్నాను ఒకసారి.

"అది వాళ్ళ అమ్మానాయనల కోసం ఏడిచే ఏడుపు. నా మూలాన ఏడవకూడదు."

"సరే, వాయించని రోజు వేసుకో."

"వాయించని రోజు అలవాటు చేసుకుంటే, వాయించే రోజు మరిచిపొయ్యి వేసుకుంటానే!"

ఇట్లా లెక్కేసుకుని ఏడాదిలో ఒక్కరోజు కూడా పుల్ల వేసేవాడు కాదు. బొగ్గుపొడిలో వేలు అద్ది, పళ్ళమీద అటొకసారి ఇటొకసారి తిప్పి, వెంటనే వక్కాకు దవడన పెట్టేవాడు.

ఆ తర్వాత ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో రెండేళ్ళ కరువు వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. సన్నాయిని గుడ్డలో చుట్టి చూరులో పెట్టాం. ఆకుకూర అన్నది కంటికి కనబడలేదు. మా వీధిలో చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారని మనిషి లేడు. వానలు పడి, పొన్నగంటికూరా గోంగూరా తిన్నాక అందరికీ తగ్గింది, ఆయనకు తగ్గలేదు. పాత చెడుపు మీద కొత్త చెడుపు ఎక్కి కూర్చుంది. చిగురు నొక్కితే చీము వచ్చేది. వాసన సంగతి చెప్పకూడదు గానీ, ఆయన దగ్గరగా నిలబడి పలకరిస్తే పొరుగింటి మేక కూడా మొహం పక్కకు తిప్పుకునేది. పైవరసలో ముందు పన్ను ఒకటి, నాలుకతో తోస్తే ముందుకు వాలి, మళ్ళీ తనంతట తానే వెనక్కి వచ్చేది.

అప్పుడు ఆత్మకూరు పెద్దింటి నుంచి మనిషి వచ్చాడు. ఆ ఇంట పెళ్ళిళ్ళకు వాయించే హక్కు మా మామ కాలం నుంచీ మాది. పంట నూర్చినప్పుడల్లా వాళ్ళు కొలిచే గింజలతోనే మా కుండ ఉడికేది. మనవరాలి పెళ్ళి వైశాఖంలో అని చెప్పి ఆ మనిషి తాంబూలం ఇచ్చాడు. ఇచ్చి కూడా వెళ్ళకుండా, అరుగుమీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

"ఇంకా ఏంది అబ్బయా?" అన్నాను.

"పెద్దమ్మగారు ఇంకో మాట చెప్పి రమ్మన్నారు. మీ కలిగిరి మరిది వచ్చి, అన్న నోరు పాడైపొయ్యింది, సన్నాయిలో పాట కన్నా ఎంగిలే ఎక్కువ వస్తుండాది అని చెప్పినాడంట. ఈ పెళ్ళిలో ముహూర్తం గుక్క గానీ తెగితే, ఇంక ఆ ఇంటి వాయిద్యం మీ మరిదికి పోతాది."

కలిగిరి మరిది అంటే మా ఆయన చిన్నాన్న కొడుకు. వాడూ సన్నాయి వాడే. చెడ్డవాడు కాదు. ఆకలి మీద ఉన్నవాడు, అంతే. కరువు అందరికీ వచ్చింది కదా.

ముహూర్తం గుక్క అంటే ఏమిటో చెప్పాలి. జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు మొదలుపెట్టి తాళి కట్టి తలంబ్రాలు పోసేదాకా సన్నాయి ఆగకూడదు. చెంపల్లో గాలి నింపుకుని, ముక్కుతో పీలుస్తూ, నోటితో వదులుతూ ఉండాలి. కదిలే పన్నుతో, నెత్తురు కారే చిగుళ్ళతో అది జరిగే పని కాదు. ఆ మనిషి పోయాక మా ఆయన సన్నాయి తీసి రెండు నిమిషాలు ఊదాడు. ఆకు మీద నెత్తురు కనబడింది. తుడిచి, గుడ్డలో చుట్టి, నా మొహం చూడకుండా అన్నాడు:

"నీ వేపపుల్ల మాత్రం నేను వెయ్యను."

"వెయ్యబాకు. మీ నాయన చేదు వద్దన్నాడు గానీ వగరు వద్దన్నాడా?"

ఆయన తల గోక్కున్నాడు. "వగరు మాట ఎత్తలేదు," అన్నాడు.

మా మామ పోయి పదేళ్ళయింది కాబట్టి అడిగి వచ్చే వీలు కూడా లేదు. ఒప్పందం కుదిరింది.

పెళ్ళికి నలభై రోజులుంది. కొండెక్కి కరక్కాయలు ఏరుకొచ్చాను. ముదురు తుమ్మ నుంచి చెక్క కొట్టాను. లేత కొమ్మ చెక్కలో వగరు ఉండదు. రెండూ నలగ్గొట్టి, దానిమ్మ తొక్క చేర్చి, ఎనిమిది ముంతల నీళ్ళు పోసి ఒక ముంత మిగిలేదాకా మట్టికుండలో కాచాను. గోరువెచ్చగా ఉన్నప్పుడు నోటినిండా పట్టుకోవాలి, మింగకూడదు, ఉమ్మకూడదు. నూరు లెక్కపెట్టేదాకా అట్లాగే ఉంచాలి, ఇట్లా పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు, పొద్దుగూకేముందు మూడుసార్లు. నడుమ నడుమ ఉప్పూ పసుపూ నువ్వులనూనెతో రంగరించి, చిగుళ్ళకు నేనే రుద్దేదాన్ని. మొదటిరోజు నా వేలు కొరికాడు. ఇదిగో ఇక్కడ, మచ్చ చూడు. అంత కదిలే పళ్ళతో ఇంత మచ్చ పడిందంటే గట్టివై ఉంటే వేలే పోయేది.

ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ నలభై రోజులంత సుఖం నా కాపురంలో ఎన్నడూ లేదు. ఏదో ఒకటి అనబోయి నోరు తెరిచేవాడు, నేను కషాయం పోసేదాన్ని. చేతులతో సైగలు చేసేవాడు, నాకు అర్థం కానట్టు ఊరుకునేదాన్ని. పులుసులో ఉప్పు ఎక్కువైందని సైగ చేస్తే, బాగుందంటున్నాడనుకుని ఇంకో గరిటె వేశాను. చెంపలు ఉబ్బించుకుని కళ్ళు మూసుకుని అరుగుమీద కూర్చునే మనిషిని చూసి, మౌనవ్రతం పట్టాడని వీధి చివర ఒక ముసలామె కొబ్బరికాయ తెచ్చి ముందు పెట్టి దండం పెట్టింది. ఆయన చెయ్యెత్తి దీవించాడు. లోపల కషాయం ఉంది కాబట్టి నవ్వలేకపోయాడు. నేను లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. కొబ్బరికాయ పచ్చడి చేశాను.

పది రోజులకు నెత్తురు ఆగింది. ఇరవై రోజులకు వాసన పోయింది. మేక మామూలుగా నిలబడింది. కూరలోకి రోజూ చింతచిగురో మునగాకో పడేటట్టు చూశాను. నెల తిరిగేసరికి వాపు తగ్గి, చిగుళ్ళు పళ్ళను పట్టుకున్నాయి. ఆ ముందు పన్ను మాత్రం దారికి రాలేదు. దారం కట్టి లాగేస్తానన్నాను.

"లాగితే సందులో నుంచి గాలి పోతాది. ఉంటే కదులుతాది, పోతే కారుతాది. పెళ్ళిదాకా ఉండనీ," అన్నాడు.

అది నా మందుకు మించిన పన్ను. ఎముక దిగిపోయాక వగరు ఏం చేస్తుంది? చిగురు ఉన్నంతవరకే మందు పట్టుకోగలదు.

ఆత్మకూరుకు రెండు రోజుల ముందే బండిలో బయలుదేరాం. దారిలో బండి చక్రం గాడిలో పడి నా మట్టికుండ పగిలింది. చెక్కా కరక్కాయలూ మూటలో ఉన్నాయి కాబట్టి దిగులు పడలేదు. పెద్దింటివాళ్ళు మాకు పశువుల కొట్టం పక్కన వసారా ఇచ్చారు. పెళ్ళిరోజు పొద్దున వంటలవాళ్ళ దగ్గరికి పోయి ఒక పాత్ర అడిగాను. అరిసెలు కాల్చడం అయిపోయిందని ఒక పెద్ద ఇనుప మూకుడు ఇచ్చారు. తోమి, పొయ్యిమీద పెట్టి, మామూలుగా కాచాను.

నేను చేసిన తప్పు అదే. మా అవ్వ ఎప్పుడూ మట్టికుండ అనే చెప్పింది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజు కషాయం ఎప్పటిలాగా తేనెరంగులో దిగలేదు, నల్లగా దిగింది. చూసి భయపడాల్సినదాన్ని సంతోషపడ్డాను. ఇనుములో సారం అంతా దిగింది, ఈ పూట మంచి ఘాటుగా కుదిరింది అనుకున్నాను. ముహూర్తం రోజు కదా అని నూరుకు బదులు మూడు నూర్లు పట్టమన్నాను. పాపం, పట్టాడు. ఉమ్మి, నావైపు తిరిగి ఏదో చెప్పబోయాడు.

"మూసుకో," అన్నాను.

"ఏందే? ఇంకా ఏమీ అనకుండానే..."

"మాట్లాడబాకు, మూసుకో నోరు!"

పళ్ళు, నాలుక, చిగుళ్ళు, పెదవుల లోపలి అంచులు, అన్నీ కాటుక. నోరు తెరిస్తే లోపల మనిషి లేనట్టుంది. ఎడ్ల తొట్టిలో నీళ్ళలో చూసుకుని, అక్కడే చతికిలబడ్డాడు.

"నన్ను చంపినావు గదే," అన్నాడు. అనేటప్పుడు కూడా నల్లగానే అన్నాడు.

బూడిద తెచ్చి తోమాను. బూడిదతో ఆ నలుపు ఇంకా నిగ్గు తేలింది. కరక్కాయ నీళ్ళూ ఇనుమూ కలిస్తే సిరా అవుతుందని ఇప్పుడు ఈ రాసేవాడు చెప్తున్నాడు. వాడు ముంచి రాస్తున్న సిరా కూడా వాడే అట్లా కలుపుకున్నాడట. బూడిదకు బదులు నిమ్మరసం రుద్ది ఉంటే పోయేదట. అప్పుడు నువ్వెక్కడున్నావురా అని అడిగితే నెల్లూరులో చదువుకుంటున్నానంటాడు.

మా ఆయన ఉత్తరీయం మూతికి అడ్డం పెట్టుకుని పందిట్లోకి పోయాడు. సన్నాయి నోట్లో ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ కనబడలేదు. పాట ఆపినప్పుడల్లా ఉత్తరీయం లేచేది. ఫలహారం పెడితే వద్దన్నాడు. తాంబూలం ఇస్తే మొలలో దోపుకున్నాడు. ఇంత మర్యాదస్తుడు ఎప్పుడయ్యాడా అని కలిగిరి మరిదికి అనుమానం వచ్చింది. వాడూ సన్నాయి చంకలో పెట్టుకుని పెళ్ళికి వచ్చే ఉన్నాడు.

"ఏమన్నా, పలకరిస్తే పలకవు?" అంటూ పక్కన చేరాడు.

మా ఆయన తల ఊపాడు.

"నీకు నేనంటే అంత కోపమా?"

మళ్ళీ ఊపాడు. వాడు చటుక్కున ఉత్తరీయం లాగాడు. మా ఆయన ఉలిక్కిపడి, "యదవా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో లోపలంతా బయటపడింది.

"అయ్యో అయ్యో, పెద్దమ్మగారో! మా అన్న నోరు కుళ్ళి నల్లబడిపొయ్యింది చూడండి! ఈ నోటితో మంగళవాద్యమా?"

పందిరంతా ఇటు తిరిగింది. ఆడవాళ్ళలో ఎవరో, "సాయిబుల ఇండ్లలో పెళ్ళికూతుళ్ళు పండ్లకు నల్లపొడి పెట్టుకుంటారే, అది పెట్టుకొచ్చినాడు!" అన్నారు. "ఎవురికిచ్చి చేస్తుండారో!" అని ఇంకొకరు. నవ్వులు. పెద్దమ్మగారు, అంటే ఆ ఇంటి యజమాని తల్లి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమె మాటే ఆ ఇంట్లో చెల్లేది.

"నోరు తెరవరా," అంది.

తెరిచాడు. ఆమె వంగి చూసింది.

"ఇదేందిరా, పాడుబాయిలోకి చూసినట్టుండాది! మీ తమ్ముడు చెప్పింది నిజమే."

ఇంక ఊరుకుంటే మా గింజలు పోతాయి. ఆడవాళ్ళను తోసుకుని ముందుకు పోయాను.

"అమ్మా, అది రోగం కాదు, మందు. ఇనప మూకుట్లో కాచి నేను చేసిన తప్పది. చిగుళ్ళు నొక్కి చూడండి, చుక్క నెత్తురు వస్తే మేమే పోతాం."

"వాడి నోట్లో నేను చెయ్యి పెడతానా! మందయితే నువ్వు పోసుకో, చూస్తా."

మిగిలిన కషాయం చెంబుతో తెచ్చి, అందరి ముందూ నోటినిండా పోసుకున్నాను. నూరు పట్టాలి. నాకు ఇరవై దాటితే లెక్క రాదు కాబట్టి ఐదు ఇరవైలు వేళ్ళమీద పెట్టుకున్నాను. అందరూ నా చెంపలనే చూస్తున్నారు. పెళ్ళికొడుకు కూడా మెడ చాచి చూస్తున్నాడు. "ముహూర్తం దగ్గరపడుతుండాది," అని పెళ్ళి చేయించే అయ్యవారు రెండుసార్లు అన్నాడు. పెద్దమ్మగారు కర్ర ఎత్తి ఆయన్ను ఆపింది. ఐదో ఇరవై అయ్యాక ఉమ్మి, నోరు బార్లా తెరిచి నాలుగు దిక్కులా చూపించాను.

ముందు పెద్దమ్మగారు మొదలుపెట్టింది నవ్వడం. నవ్వి నవ్వి కర్ర వదిలేసింది. అప్పుడు చూశాను, ఆమె నోట్లో ఉన్నవి నాలుగు పళ్ళు, నాలుగూ వేలాడుతున్నాయి.

"ఇప్పుడు కుదిరినారు మొగుడూ పెండ్లామూ! కూర్చోరా, వాయించు. తెగితే మాత్రం మీ హక్కూ తెగినట్టే," అంది.

మా ఆయన కూర్చున్నాడు. సిగ్గు పోయింది కదా, ఇంక దాచుకునేది ఏముంది? ఆకు పెదవుల మధ్య పెట్టి మొదలుపెట్టాడు. నేను ఆడవాళ్ళలో కలవలేదు, ఎదురుగా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. జీలకర్ర బెల్లం పెట్టారు. చెంపలు నిండుతున్నాయి, లోపలికి పోతున్నాయి, మళ్ళీ నిండుతున్నాయి. కరువుకు ముందు కూడా అంత నిబ్బరంగా ఊదలేదు. కలిగిరి మరిది తలవంచుకుని వింటున్నాడు, ఎక్కడ తెగుతుందా అని. తాళి కట్టారు. ఇంక తలంబ్రాలే మిగిలాయి.

అప్పుడు ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. పాట ఉన్నట్టుండి పైకి ఎగిరి, అక్కడి నుంచి మెల్లగా, ఎవరో మెట్లు లేని బావిలోకి దిగినట్టు, జారుకుంటూ కిందికి వచ్చి, మళ్ళీ తన చోట నిలబడింది. ఆయన గొంతులో ముడి ఒకసారి పైకి లేచి కిందికి దిగడం నాకు కనబడింది. గుక్క మాత్రం తెగలేదు. తలంబ్రాలు అయిపోయేదాకా ఊది, సన్నాయి దించి, నావైపు చూసి నోరు కొంచెం తెరిచాడు. ఆ నలుపులో ముందు పన్ను లేని సందు నాకు తప్ప ఎవరికీ కనబడదు. మింగేశాడు.

కలిగిరి మరిది లేచి, "తప్పింది! అదుగో, పైకిపోయిన చోట తప్పింది!" అని అరవబోయాడు. వాడి మాట పూర్తి కాకుండానే పెళ్ళికొడుకు తరఫున నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు చప్పట్లు కొడుతూ వచ్చాడు. సంగీతం బాగా తెలిసినవాడట.

"ఆ జారుడు ఎక్కడ నేర్చినావయ్యా? నెల్లూరులోనే వినలేదు. ఏదీ, మళ్ళా ఒక్కసారి వాయించు."

మా ఆయనకు మింగడానికి ఇంకో పన్ను లేదు. ఉన్నవన్నీ గట్టిపడ్డాయి.

"అది ముహూర్తానికి ఒక్కసారే వాయించేదండీ. రెండోసారి వాయిస్తే దోషం. మా నాయన చెప్పినాడు," అన్నాడు.

పెద్దాయన సన్నాయిని తాకి కళ్ళకు అద్దుకున్నాడు. పెద్దమ్మగారు కలిగిరివాడి వైపు చూసి, "విన్నావా? నీకొచ్చా అది?" అంది. వాడు రాదన్నట్టు తల ఊపాడు. హక్కు మాకే నిలిచింది. బయలుదేరే ముందు పెద్దమ్మగారు నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, నోరు తెరిచి చూపించింది. మట్టికుండ తెప్పించి, ఎట్లా కాచాలో వంటామెకు చూపించి వచ్చాను. ఆ నాలుగు పళ్ళూ ఇప్పటికీ ఉన్నాయని కబురు వచ్చింది.

తిరుగు బండిలో అడిగాను: "పన్నేదీ?"

"ఏ పన్ను?"

"ముందర పన్ను."

"లోపలుండాది," అన్నాడు. ఊరు దాటేదాకా ఇద్దరం నల్లనోళ్ళతో నవ్వుకుంటూనే ఉన్నాం. ఎదురు వచ్చిన బండివాడు ఎద్దుల్ని పక్కకు తోలుకున్నాడు.

మూడు నెలలకు ఆయన పోయాడు. మాకు కొడుకు లేడు. ఆత్మకూరు వాయిద్యం కలిగిరి మరిదికే పోయింది. పోతే పోయింది, ఆయన బతికున్నంత కాలం ఆయనదే. వాడు మర్యాద తప్పలేదు, గింజలు కొలిచినప్పుడు నాకూ ఒక గంప పంపిస్తున్నాడు. మొన్నామధ్య వచ్చి అరుగుమీద కూర్చుని, కాసేపు ఆమాటా ఈమాటా చెప్పి, మెల్లగా అడిగాడు.

"వదినా, అన్న ఆ జారుడు ఎట్టా వాయించినాడు? ఇంట్లో నీకు చెప్పుంటాడు గదా. ఎన్ని తడవలు పట్టినా నాకు కుదరటం లే."

"నాకేం తెలుసు మరిదీ? నేను పుల్లలూ చెక్కలూ తప్ప ఎరగను," అన్నాను.

ఈ మార్గశిరంలో మా వీధిలో పెళ్ళి ఊరేగింపు పోయింది. నేను ఎదురుపడకూడదు కాబట్టి తలుపు వెనక నిలబడ్డాను. వాయిస్తున్నది వాడే. మా ఇంటి ముందుకు వచ్చేసరికి పాట పైకి ఎగిరింది, జారింది, నిలబడింది. చాలా కష్టపడి సాధించాడు. చూసి నేర్చుకున్నాడు కాబట్టి, గొంతులో ముడి పైకీ కిందికీ ఆడించడంతో సహా నేర్చుకుని ఉంటాడు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కిందికి కూర్చున్నాను. పొరుగామె వచ్చి, నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నిమరనిచ్చాను. రెండూ ఉన్నాయి అందులో, ఏది ఎంతో నాకూ తెలియదు.

వాడికి నిజం చెప్పాలని ఒక్కోసారి అనిపిస్తుంది. చెప్తే వాయించడం మానేస్తాడు. మానేస్తే మా ఆయన పాట ఈ దేశంలో ఇంక వినబడదు. కాబట్టి చెప్పను. నువ్వూ చెప్పబాకు రా అబ్బయా. కలిగిరిలో చదువొచ్చిన ఎవడి చేతికీ ఇది పడనియ్యబాకు. సరే, కలం కింద పెట్టు. మొదట్నించీ చదువు, వింటా. మెల్లగా చదువు, నేను అనని మాట ఏమన్నా చేర్చినావేమో చూడాల.